శనివారం ఇత్తడి

ఓడీల్ ఇంట్లో ఇత్తడి ముందుగది నింపి, వంటగది నింపి, మేడ మెట్ల మీదికి కూడా పాకింది. అంతా యుద్ధం నాటి ఇత్తడే. ఫిరంగి గుండు ఎగిరిపోయాక వెనక మిగిలిపోయే డొల్లలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చున్న సిపాయిలకి చంపడానికీ చావడానికీ మధ్య బోలెడు ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో డొల్లల మీద మేకులతో గులాబీలు పొడిచారు, తీగలు పాకించారు, నడుము దగ్గర నొక్కి పూలకూజాల్లా మలిచారు, ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళ పేర్లు చెక్కారు. ఆ యుద్ధం నడిచిన ఈపర్ పట్నం చుట్టుపక్కల మా ఊళ్ళల్లో, చలి కాచుకునే పొయ్యి గట్టు మీద అలాంటి జంట లేని ఇల్లు ఉండేది కాదు. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి, మధ్యలో మేరీమాత బొమ్మ.

ఓడీల్ వయసులో ఉన్నప్పుడు ఇంటింటికీ బొగ్గు మోసేవాడు. బస్తా దించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, ఇంటావిడ మొహం వదిలేసి పొయ్యి గట్టు వైపు చూసేవాడు. తర్వాత ఆయిల్ హీటర్లు వచ్చాయి. బొగ్గు వ్యాపారం మూలపడింది. జనం పొయ్యి గట్లు పగలగొట్టి గోడలు చదును చేసుకున్నారు, వాటి మీది ఇత్తడి పశువుల కొట్టంలోనో కోళ్ళగూటి పక్కనో పడేశారు. ఓడీల్ సైకిలు వెనక ఒక పెట్టె కట్టుకుని అవన్నీ ఏరుకొచ్చాడు. ఊరు ఆయనకి ‘ఇత్తడి ఓడీల్’ అని పేరు పెట్టేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక లేక అనేవాడు. తీరికకేం, కావలసినంత ఉండేది. నోరు విప్పి ఒక మనిషిని అడగడం ఆయన వల్ల కాలేదు, అంతే.

ఇత్తడి సేకరించేవాళ్ళకి ఒక మడి ఉంది. తోమకూడదు. డొల్ల మీద పట్టిన ముదురు మసకే దాని వయసు, దాన్ని ముట్టుకున్న చేతుల చెమటంతా అందులోనే ఉంటుంది, తోమితే అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఓడీల్ ఈ మడి ఎంత గట్టిగా పాటించేవాడంటే దుమ్ము కూడా నోటితో ఊదేవాడు తప్ప గుడ్డ తాకనిచ్చేవాడు కాదు. ఇంట్లో డొల్లలన్నీ నల్లగా, గోధుమరంగుగా, మూగగా నిలబడి ఉండేవి. ఒక్క జంట తప్ప.

ఆ జంట జుల్మాది. జుల్మా, ఓడీల్ ఒకే బడిలో చదివారు, ఆవిడ రెండు తరగతులు చిన్న. మొగుడు మారిట్స్ పోయాక పాత ఇల్లు అమ్మేసి, ముసలివాళ్ళకని పంచాయతీ కట్టించిన చిన్న ఇళ్ళల్లో ఒకదానికి మారింది. ఆ ఇళ్ళల్లో కిటికీ కింద రేడియేటరు ఉంటుంది, పొయ్యీ ఉండదు, గట్టూ ఉండదు. ఒకరోజు ఆవిడ రెండు డొల్లలూ సంచిలో పెట్టుకుని ఓడీల్ ఇంటి గంట కొట్టింది.

“వీటికి నా దగ్గర చోటు లేదు. నీ దగ్గర పెట్టుకో. కానీ ప్రతి శనివారం వచ్చి తోముతా.”

“తోముతావా!” ఓడీల్‌కి గుండె ఆగినంత పనయింది. “ఇక్కడ ఎవరూ తోమరు జుల్మా.”

“తెలుస్తూనే ఉంది, ఇల్లంతా బొగ్గుల కొట్టులా ఉంది. మా అమ్మ ఇత్తడి అలా ఉండడానికి వీల్లేదు. ఇష్టమైతే చెప్పు, లేకపోతే సంచి ఇలా ఇచ్చెయ్.”

సంచి ఇవ్వలేకపోయాడు. అలాంటి పనితనం ఆయన అంతకు ముందు చూడలేదు. జుల్మా నాన్న ఆ యుద్ధంలో ఐజర్ నది ఒడ్డున బురదలో నాలుగేళ్ళు కాపలా కాసిన మనిషి. రెండు డొల్లల మీదా చుట్టూ గోధుమ కంకులు పొడిచి, మధ్యలో కట్టుకోబోయే పిల్ల పేరు ఎలోడీ అని చెక్కాడు, మా లిపిలో ఆరు అక్షరాలు. ఇప్పుడు మొదటి అక్షరమూ చివరి అక్షరమూ మాత్రం వేలికి తగులుతున్నాయి. మధ్యవి అరిగిపోయాయి.

మొదటి శనివారమే గొడవ పడ్డారు.

“వారం వారం ఇలా రుద్ది మీ అమ్మ పేరు నువ్వే చెరిపేస్తున్నావ్,” అన్నాడు ఓడీల్, తన అరచేతిని ఎవరో గీరుతున్నట్టు మొహం పెట్టి.

“నేను కాదు, మా అమ్మే చెరుపుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి మంచం పట్టే దాకా ఒక్క శనివారం మానలేదు. మా నాన్న చెక్కాడు, మా అమ్మ అరగదీసింది. అది వాళ్ళిద్దరి మధ్య వ్యవహారం. మధ్యలో నీకేం నొప్పి?”

ఓడీల్ ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శనివారం మా ఊళ్ళో ఆడవాళ్ళు గుమ్మం రాళ్ళు కడిగి, ఇత్తడి తోమి, అప్పుడు గాని కాఫీ తాగరు. జుల్మా తన గుమ్మం కడుక్కుని, పాలిష్ డబ్బా, పాత ఫ్లానెల్ గుడ్డ పట్టుకుని వీధిలో అందరికీ కనిపించేలా నడిచి వచ్చేది. కిటికీ దగ్గర బల్ల మీద పేపరు పరిచి పని మొదలుపెట్టేది. పాలిష్ వాసన పడక మొదట్లో ఓడీల్ కిటికీ తెరిచేవాడు. కొన్నాళ్ళకి ఆ వాసన కోసం శుక్రవారం నుంచే ఎదురు చూడసాగాడు. శనివారం పొద్దున గడ్డం గీసుకునేవాడు. దాల్చినచెక్క వేసిన స్పెక్యులోస్ బిస్కెట్లు కొనేవాడు. తనకి అవి పడవు.

ఆవిడ మారిట్స్ గురక గురించి చెప్పేది, కొత్త పాదిరి ప్రసంగం ఎంత చప్పగా ఉందో చెప్పేది. ఈయన ద్వారబంధానికి ఆనుకుని, మధ్యమధ్యలో ఏదో ఒక డొల్ల తెచ్చి అడుగున ఉన్న ముద్ర చూపించి ఇది ఫ్రెంచి వాళ్ళ డెబ్బై అయిదు మిల్లీమీటర్ల ఫిరంగిది, ఇది జర్మన్ల డెబ్బై ఏడుది అని వర్ణించేవాడు. “అవునా,” అనేది జుల్మా తలెత్తకుండా. పాపం, ఆ మనిషికి మాట్లాడటం అంటే అదే. మిగతా ఆరు రోజులూ ఆ గంట మోగేది కాదు. రేడియోలో వార్తలు చదివేవాడికి కూడా “సరే” అని బదులిచ్చిన రోజులున్నాయి. శనివారం ఒక్కటి తీసేస్తే ఆయన వారంలో ఏమీ మిగలదు. ఆ సంగతి ఆయనకి తప్ప ఊరందరికీ తెలుసు.

ఆ చలికాలం ఒక శనివారం జుల్మా గుడ్డ పక్కన పెట్టి వేళ్ళు ఒత్తుకుంది.

“ఈ వేళ్ళు నా మాట వినడం మానేశాయి ఓడీల్. పొద్దున కాఫీ కప్పు కూడా పట్టుకోనివ్వట్లేదు.”

ఓడీల్ ఆవిడ కప్పులో కాఫీ పోశాడు. కానీ ఆ మాట వారమంతా తొలిచేసింది. పోపెరింగ అనే ఊరి నుంచి గాస్టన్ అని తనలాంటి ఇత్తడి పిచ్చివాడే ఒకడు డొల్లలు మార్చుకోవడానికి వస్తే అతనితో చెప్పాడు. దానికేముంది, రంగులేని వార్నిష్ ఒక పూత పూసెయ్, జన్మలో మసకబారదు, తోమే పనే ఉండదు అన్నాడు గాస్టన్. ఓడీల్ మొహం వెలిగిపోయింది. జుల్మా వేళ్ళకి శ్రమ తప్పుతుంది, మిగిలిన ఆ రెండక్షరాలూ నిలిచిపోతాయి. ఇలాంటి తప్పు చేయాలంటే సగం జీవితం ఇత్తడితో కాపురం చేసి ఉండాలి. మామూలు మనిషికి తట్టమన్నా తట్టదు.

సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, చుక్క జారకుండా పూశాడు. శనివారం జుల్మా రాగానే ఆ జంటని బల్ల మధ్యలో పెట్టి పక్కకి తప్పుకున్నాడు, బహుమతి ఇచ్చేవాడిలా.

“వార్నిష్ వేశాను. ఇక ఎప్పటికీ ఇలాగే మెరుస్తాయి. నీకీ పని తప్పింది.”

జుల్మా బొటనవేలితో గోధుమ కంకుల మీద రాసింది. వేలు జారిపోయింది.

“గాజు ముట్టుకున్నట్టుంది,” అంది.

“అదే కదా! తడి తగలదు, గాలి తగలదు.”

“బాగా పూశావ్.” గుడ్డ మడత పెట్టింది. పాలిష్ డబ్బా మూత బిగించింది, అసలు తియ్యనే లేదు దాన్ని. కాఫీ సగం తాగి, బట్టలు ఆరేయాలని చెప్పి వెళ్ళిపోయింది. ఓడీల్ ఆ పూట చాలా సంతోషంగా ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆయన్ని రెండు వాయించాలనిపిస్తుంది నాకు.

తర్వాతి శనివారం జుల్మా రాలేదు. వాన పడుతోంది, అందుకే అనుకున్నాడు. ఆ పై శనివారం ఎండ కాసింది, అప్పుడూ రాలేదు. గడ్డం గీసుకుని, బిస్కెట్లు ప్లేటులో పెట్టి, మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గర నిలబడి, మళ్ళీ డబ్బాలో సర్దేశాడు. జబ్బు చేసిందేమో అనుకున్నాడు. వెళ్ళి చూడొచ్చు కదా అని మీరడుగుతారు. ఓడీల్ ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మమూ ఎక్కాడు గాని, బొగ్గు కోసమో ఇత్తడి కోసమో ఎక్కాడు. చేతిలో పని లేకుండా ఒకరి గంట ఎలా కొట్టాలో ఆయనకి చేతకాదు.

రొట్టెల కొట్టు రాషెల్ దగ్గర సంగతి బయటపడింది. రాషెల్‌కి తెలియనిది మా ఊళ్ళో జరగదు.

“జుల్మా ఎలా ఉందో,” అన్నాడు ఓడీల్, రొట్టె వైపు చూస్తూ.

“గుండ్రాయిలా ఉంది. శనివారాలు ఇప్పుడు చర్చిలో కొవ్వొత్తి స్తంభాలు తోముతోందిగా.”

ఓడీల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “వేళ్ళు నొప్పి అంది నాతో.”

“నొప్పే. ఏడుస్తూనే తోముతోంది.” రాషెల్ రొట్టె కాగితంలో చుడుతూ ఆగింది. “నువ్వేదో వార్నిష్ పూశావటగా? ఓడీల్, ఒంటరి మగాడి ఇంటికి ఒక విధవ చేతిలో గుడ్డ లేకుండా ఎలా వస్తుందయ్యా? ఏమని చెప్పుకుంటుంది వీధిలో? ఉన్న ఒక్క వంకా నువ్వే ఊడబెరికావ్.”

ఇంటికొచ్చి రొట్టె తినకుండా కూర్చున్నాడు. ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆరోజు మొదటిసారి విన్నాడు. భయం వేసింది. మనిషి కోసం ఇంతలా కొట్టుకుపోతానని ఆ వయసులో ఆయన అనుకోలేదు.

మర్నాడు థిన్నర్ తెచ్చి వార్నిష్ అంతా కడిగేశాడు. ఇత్తడి మళ్ళీ ఇత్తడైంది. కానీ తళతళా మెరుస్తోంది, దరిద్రం. తనంతట తాను మసకబారాలంటే వేసవి రావాలి. వేసవి దాకా ఆగే ఓపిక లేదు. రోజూ వాటిని ఒళ్ళో పెట్టుకుని చెమట చేతులతో నిమిరాడు. లాభం లేకపోయింది. చివరికి, జీవితమంతా ఇత్తడి మీద వేలిముద్ర పడితే విలవిల్లాడిన మనిషి, వెనిగర్‌లో ఉప్పు కలిపి, గుడ్డలు తడిపి, రెండు డొల్లలకీ చుట్టి గాలాడని పెట్టెలో పెట్టి మూసేశాడు.

రెండు రోజుల తర్వాత గుడ్డలు విప్పితే ఆకుపచ్చటి చిలుము మచ్చలు మచ్చలుగా లేచి ఉంది. అంత అవుతుందనుకోలేదు. వేలితో తడిమి చూశాడు. మొదటి అక్షరం తగల్లేదు. చివరిదీ తగల్లేదు. చిలుము తినేసింది. చాలాసేపు అలాగే తడుముతూ ఉండిపోయాడు, ఇంకో వేలికైనా తగులుతాయేమోనని.

అయినా సరే వాటిని తీసుకెళ్ళి వీధి కిటికీలో, మొహాలు బయటికి తిప్పి పెట్టాడు. మా వైపు కిటికీ గట్టు మీద పెట్టేవి ఇంట్లోవాళ్ళ కోసం కాదు, వీధి కోసం. అది చూసి రాషెల్ ఊరుకుంటుందా? ఆ పూటే జుల్మా చెవిన వేసింది.

జుల్మా గంట కొట్టలేదు. తలుపు తోసుకునే వచ్చింది. కట్టుకున్న ఆప్రాన్‌తో, తలకి స్కార్ఫు లేకుండా, చేతిలో గుడ్డ లేకుండా, బుధవారం పట్టపగలు, వీధి వీధంతా చూస్తుండగా.

“ఏం చేశావ్ వీటిని?”

“వెనిగరు... కొంచెం ఉప్పు...”

“మతి ఉండే చేశావా? నీ డొల్లల మీద ఈగ వాలనివ్వవు. ఊరగాయ పెట్టడానికి మా అమ్మవే దొరికాయా నీకు?” డొల్ల తీసుకుని పేరున్న చోట వేలు పెట్టింది. ఒకసారి, రెండోసారి. “నా మీద కోపముంటే నన్ను తిట్టు. ఆవిడ మీద తీర్చుకుంటావా?”

“కోపం కాదు జుల్మా.”

“మరేంటి?”

ఓడీల్ నోరు తెరిచాడు. డెబ్బై అయిదు, డెబ్బై ఏడు, ఇత్తడి పాళ్ళు, అవే వచ్చాయి నోటి దాకా. మింగేశాడు.

“మసకబడితే నువ్వొస్తావని.”

జుల్మా ఆయన్ని తేరిపారా చూసింది. “అయితే వార్నిష్ ఎందుకు పూశావ్? ఇక రావద్దనే కదా?”

“వేళ్ళు నొప్పి అన్నావ్ కదా.”

“ఎవరైనా వేళ్ళు నొప్పంటే ‘అయ్యో’ అనాలి ఓడీల్. అంతే. వార్నిష్ పూస్తారా?”

తప్పంతా కళ్ళ ముందు నిలబడేసరికి ఆయనకి ఏం చేయాలో తోచలేదు. “కూర్చో, కాఫీ పెడతా,” అన్నాడు.

“ఎక్కడ?”

ఓడీల్ తన ఇంటిని తను చూసుకున్నాడు. నాలుగు కుర్చీలు ఉన్నాయి, నాలుగింటి మీదా డొల్లలున్నాయి. సోఫా మీద వరసగా పెద్దవి. ముక్కాలిపీట మీద చిన్నవి.

“ఇన్ని శనివారాలు నిలబడే తోమాను,” అంది జుల్మా. “నిలబడే కాఫీ తాగాను. ఈసారైనా ఒక కుర్చీ ఖాళీ చేసి ఉంచుతావేమోనని వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. నీ ఇంట్లో డొల్లలకి కుర్చీలున్నాయి. మనిషికి లేదు.”

ఓడీల్ గబగబా దగ్గర్లో ఉన్న కుర్చీ మీది డొల్లలు ఎత్తాడు. రెండు చేతులూ నిండాయి. వాటిని దించడానికి చుట్టూ చూశాడు. బల్ల నిండుగా ఉంది, నేల నిండుగా ఉంది. అలా కావలించుకుని మధ్యలో నిలబడిపోయాడు. ఈలోగా జుల్మా తన జంటని ఆప్రాన్‌లో చుట్టుకుంది.

“ఇవి నా దగ్గరే ఉంటాయి. గట్టు లేకపోతే మంచం పక్కన నేల మీద పెట్టుకుంటా,” అంది. “ఇక ఈ ఇంటికి రావడానికి నాకు ఏ పనీ లేదు.”

వెళ్ళిపోయింది. ఆయన చేతుల్లో డొల్లలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతూనే ఉన్నాయి.

శనివారం పొద్దున ఓడీల్ గడ్డం గీసుకున్నాడు. బిస్కెట్ల డబ్బా తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. చిలుము వదలగొట్టే పేస్టు ఒకటుంటే జేబులో వేసుకున్నాడు, గుమ్మం దగ్గర ఆగి అదీ తీసేశాడు. ఎలోడీ పేరున్న వాటికి బదులుగా తన దగ్గరున్న అన్నిటికన్నా మంచి జంట ఇద్దామని ఎత్తాడు, సైకిలు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాడు. ఏది పట్టుకున్నా అది వంకే. చివరికి ఉత్త చేతులతో, సైకిలు లేకుండా, నడుచుకుంటూ బయల్దేరాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దారంతా అవస్థ పడ్డాడు.

“ఏం ఓడీల్, పెట్టె ఏది? ఎవరింట్లో ఏం దొరికింది?” అని కేకేసింది రాషెల్ కొట్టు గుమ్మంలోంచి.

“ఏం దొరకలేదు,” అని తల దించుకుని నడిచాడు.

ముసలివాళ్ళ ఇళ్ళ వరసలో ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం రాళ్ళు రుద్దుతున్నారు. జుల్మా ఇంటి గంట కొట్టేసరికి అటూ ఇటూ బ్రష్షులు నెమ్మదించాయి.

జుల్మా తలుపు తీసింది. ముందు మొహం చూసింది, తర్వాత చేతులు చూసింది.

“పేస్టు ఏమన్నా తెచ్చావా?”

“లేదు.”

“నీ ఇంట్లో ఏమన్నా మర్చిపోయానా?”

“లేదు.”

“మరి ఎందుకొచ్చావ్?”

ఓడీల్‌కి చెవులు వేడెక్కాయి. పక్కింటావిడ బ్రష్షు పూర్తిగా ఆగిపోయింది. వెనక్కి తిరిగి పారిపోవాలన్నంత సిగ్గేసింది. వెళ్తే ఆ నాలుగు కుర్చీల ఇల్లు తప్ప ఇంకేం లేదని తెలిసి అక్కడే నిలబడ్డాడు.

“ఊరికే,” అన్నాడు. మాట సరిగ్గా పైకి రాలేదు.

“ఏంటి?”

“ఊరికే వచ్చాను జుల్మా,” అన్నాడు ఈసారి వరసంతా వినపడేలా. “పనేం లేదు. నీ దగ్గర కాసేపు కూర్చుందామని.”

జుల్మా పక్కింటావిడని చూసింది, ఎదురింటావిడని చూసింది, ఎవరి నుంచీ చూపు తప్పించుకోలేదు. తర్వాత తలుపు బార్లా తెరిచింది.

“కాళ్ళు తుడుచుకుని రా,” అంది. “ఇప్పుడే కడిగాను.”